నీడ పట్టి ఉత్తరం తేల్చే పద్ధతి

ఇంటి స్థలంలో ఉత్తరం ఎటో చూడాలంటే ఇప్పుడు అందరూ ఫోన్ తీస్తున్నారు. ఇనుప ఊచలు, బోరు పైపు, పక్కన ఆపిన బైకు, ఏది దగ్గరున్నా ఫోన్‌లోని దిక్సూచి పక్కకి తిరుగుతుంది. నీడకి ఆ బెడద లేదు.

అలాగని పగలు పన్నెండింటికి కర్ర పాతి, నీడ పడ్డ వైపే ఉత్తరం అనుకోకండి. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. హైదరాబాదు అక్కడికి 4 డిగ్రీలు పడమరన ఉంది కాబట్టి ఆ ఊళ్ళో అసలు మధ్యాహ్నం, అంటే సూర్యుడు ఆ రోజుకి అన్నిటికంటే పైకెక్కే క్షణం, సగటున 12.16కి అవుతుంది. మే 9న సరిగ్గా పన్నెండింటికి మీటరు కర్ర నీడ 5 సెంటీమీటర్లుంటుంది, అదీ పడమరకి! 12.12 ప్రాంతంలో నీడే ఉండదు. అప్పటి నుంచి ఆగస్టు 3 దాకా అక్కడ మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. డిసెంబరు 21న మాత్రం ఉత్తరానికి 86 సెంటీమీటర్లు సాగుతుంది.

గడియారం అక్కర్లేని దారి ఒకటుంది. పొద్దున ఒక నీడ కొస గుర్తుపెట్టి, మధ్యాహ్నం దాటాక నీడ మళ్ళీ అంతే పొడవుకి వచ్చినప్పుడు ఇంకో గుర్తు పెట్టడం. పాత జ్యోతిష గ్రంథాల్లో శంకువుతో, అంటే నిలువుగా పాతిన కర్రతో, చేసే పని ఇదే, అందులో శంకువు ఎత్తు 12 అంగుళాలు (ఇంచీలు కాదు, వేలి వెడల్పు కొలత). మనకి మీటరు ఎత్తు బాగుంటుంది.

చిక్కల్లా నీడ కొసతోనే. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న బిళ్ళ. కర్ర కొస దగ్గర ఆ బిళ్ళలో కొంత భాగం కనపడి కొంత మరుగవుతుంది కాబట్టి నీడ అంచు మసకబారుతుంది. మీటరు కర్ర నీడ 120 సెంటీమీటర్లున్నప్పుడు ఆ మసకే రెండు సెంటీమీటర్లకు పైగా ఉంటుంది. ఎక్కడ గుర్తు పెట్టాలో ఎవరికీ తెలీదు. అందుకని కొసని వదిలేసి రంధ్రం వాడండి. 15 సెంటీమీటర్ల చదరపు అట్టముక్క మధ్యలో 4 మిల్లీమీటర్ల రంధ్రం చేసి, దాన్ని కర్ర పైన పక్కకి పొడుచుకొచ్చేట్టు అడ్డంగా బిగించండి. అట్ట నీడలో ఒక వెలుగు చుక్క పడుతుంది. అది సూర్యుడి బొమ్మే, కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. దాని నడిమధ్యన గుర్తు పెట్టడం సులువు.

రంధ్రంలోంచి తూకం గుండు దించి, అది నేలని తాకే చోట మేకు కొట్టి, దారం తీసేయండి. కర్ర కాస్త ఒరిగినా ఫరవాలేదు, లెక్కకి వచ్చేది ఆ మేకే. నేల మట్టం మాత్రం రసమట్టంతో అన్ని వైపులా చూసుకోవాలి. డిసెంబరులో ఒక గుర్తు దగ్గర సెంటీమీటరు పల్లమున్నా దిక్కు పావు డిగ్రీ దాకా తప్పుతుంది.

మేకు కేంద్రంగా సుద్దతో వలయాలు గీయండి. వాటి వ్యాసార్ధం మే, జూన్‌లలో 50, 60, 70 సెంటీమీటర్లు, డిసెంబరులో 110, 120, 130. మధ్యాహ్నపు నీడ కంటే వలయం బాగా పెద్దదై ఉండాలి, లేకపోతే చుక్క గీతని అడ్డంగా దాటకుండా దాని వెంటే జారుతుంది. మూడు ఎందుకంటే, సాయంత్రం మబ్బు పట్టి ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది. చుక్క పొద్దున ప్రతి వలయంలోకి వచ్చిన చోటా, తర్వాత బయటికి పోయిన చోటా గుర్తు పెట్టండి. డిసెంబరులో 120 వలయానికి అది హైదరాబాదులో సుమారు 10.15కి, 2.15కి జరుగుతుంది. ఈ మధ్యలో అట్టని ఎవరూ కదపకూడదు.

ఒకే వలయం మీది రెండు గుర్తుల్నీ దారంతో కలపండి. పొద్దుటి గుర్తు పడమర, రెండోది తూర్పు. మూడు వలయాల దారాలూ ఒకదానికొకటి సమాంతరంగా రావాలి. రాలేదంటే నేల ఏటవాలుగా ఉంది, లేదా అట్ట కదిలింది. సరిచేసి మర్నాడు మళ్ళీ చేయండి. ఈ నాలుగు గంటల్లో సూర్యుడు ఉత్తరానికో దక్షిణానికో జరగడం వల్ల వచ్చే తేడా డిగ్రీలో పదో వంతుకి మించదు, దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

ఇక ఉత్తర దక్షిణాల గీత. చలికాలంలో దారం మధ్య బిందువుని మేకుతో కలిపితే చాలు. మేలో దారం మేకు మీదుగానో ఆనుకునో పోతుంది కాబట్టి అలా కుదరదు. రెండు గుర్తుల నుంచీ ఒకే పొడవు తాడుతో రెండు పక్కలా చాపాలు గీసి, అవి ఖండించుకున్న చోట్లని కలపండి.