ఫొటోల హక్కులు, పాఠం 4: రాయల్టీ ఫ్రీ అంటే ఉచితం కాదు

పోయిన పాఠంలో పది ఫొటోలు స్టాక్ సైట్లలో, అంటే మన ఫొటోలను వాడుకునే అనుమతి అమ్మిపెట్టే సైట్లలో, పెట్టమన్నాను. పెట్టినవాళ్లు అడిగిన ప్రశ్నలు చదివాక ఈసారి చెప్పాలనుకున్న కీవర్డ్ల సంగతి ఆపేశాను.

దేవరకొండ నుంచి ఒక తమ్ముడు, "అన్నా, రాయల్టీ ఫ్రీ అని ఉంటే పైసలు రావు గదా, ఎందుకు పెట్టమన్నవ్?" అన్నాడు. ఇంకొకాయన అదే మాట నమ్మి, నెట్‌లో దొరికిన ఫొటోను ఉచితమే అనుకొని చీరల షాపు ఫ్లెక్సీ మీద వేశాడు. ఒకే మాటతో ఇద్దరూ తప్పుదారి పట్టారు.

రాయల్టీ ఫ్రీ అంటే కొన్నవాళ్లు ఒకసారి డబ్బు కట్టాక, లైసెన్స్ షరతుల లోపల వాడిన ప్రతిసారీ మళ్లీ కట్టక్కర్లేదని. ఫొటో హక్కు మీదే, వాళ్లు కొన్నది వాడుకునే అనుమతి మాత్రమే.

మన బత్తాయి తోటల సంగతి తీసుకోండి. ఈ కాపును ఫలానా వ్యాపారికి గుత్తకిస్తాం. కాపు ఆయనది, తోట మనది. రైట్స్ మేనేజ్‌డ్ లైసెన్స్ అచ్చం ఇదే: ఎవరికి, దేనికి, ఎన్ని నెలలు, ఏ ప్రాంతంలో అన్నది చూసి ధర కడతారు. రాయల్టీ ఫ్రీలో గేటు తీసే ఉంటుంది, చిల్లర కట్టినవాళ్లంతా లోపలికొస్తారు. ఇక్కడే అసలు చిక్కు. ఒక్కసారి అలా అమ్ముడైన ఫొటోను రేపు ఏ కంపెనీ వచ్చి "ఇది మాకొక్కరికే ఇవ్వండి" అన్నా ఇవ్వలేరు. సైటు నుంచి తీసేసినా అప్పటికే కొన్నవాళ్ల అనుమతి పోదు. నా బత్తాయి కోత ఫొటో ఒకదానికి నేనే ఇలా చేసుకున్నాను. ఎరువుల కంపెనీ అడిగిన రోజున చేతిలో ఏమీ మిగల్లేదు. ఆ బాధ ఇంకా పోలేదు.

చిల్లర అంటే ఎంతో చెప్తాను. షట్టర్‌స్టాక్ అనే స్టాక్ సైటు 2020 జూన్ నుంచి అమ్మిన ధరలో మన వాటాకు 15 శాతంతో మొదలుపెట్టి 40 శాతం దాకా మెట్లు పెట్టింది, ఆ ఏడాది డౌన్‌లోడ్లు పెరిగేకొద్దీ మెట్టు ఎక్కుతాం. ప్రతి జనవరి 1న మళ్లీ కింది మెట్టుకే దింపుతుంది. చందాదారు డౌన్‌లోడ్ చేసుకుంటే 10 సెంట్లే రావచ్చు. ఆ లెక్కన 25 డాలర్లు చేరాలంటే 250 డౌన్‌లోడ్లు కావాలి. అడోబీ స్టాక్ ఫొటోలకు 33 శాతం ఇస్తుంది, నేను ముందు అక్కడే పెడతాను. గెట్టీ ఇమేజెస్ అనే ఇంకో సైటు క్రియేటివ్ ఫొటోల్లో, అంటే వార్తలవి కాని ఫొటోల్లో, రైట్స్ మేనేజ్‌డ్ ఆపేస్తున్నట్టు 2019లో ప్రకటించింది. అంటే గుత్త బేరం ఇక చాలావరకు మనమే నేరుగా చేసుకోవాలి.

నా పద్ధతి: టమాటాలు, మబ్బులు, కీబోర్డు మీద చేతులు స్టాక్‌కు. పోచంపల్లి మగ్గం, సోమశిల రేవు, పిల్లలమర్రి ఊడలు నా దగ్గరే. ఎక్కడైనా దొరికేది చిల్లరకు పోనివ్వండి, మన దగ్గరే దొరికేదాన్ని పోనివ్వకండి.

ముగ్గురు పెళ్లి ఫొటోలు కూడా పెట్టారు. వెంటనే తీసేయండి. కాపీరైట్ చట్టం 1957, సెక్షన్ 17 ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారు. పైగా పెళ్లికూతురి సంతకంతో మోడల్ రిలీజ్, అంటే తన ఫొటో వాడుకోవచ్చని రాసిచ్చే కాగితం, ఉండాలి. అన్నీ ముందే రాయించుకోండి.

నేరుగా ఇచ్చేటప్పుడూ కాగితం తప్పనిసరి. గడువు రాయకపోతే చట్టం ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే దేశమంతటిగా లెక్కేస్తుంది. వాట్సాప్‌లో "ఓకే అన్నా" అన్నది ఒప్పందం అనుకోకండి.

అభ్యాసం: మీ హార్డ్ డిస్కులోంచి వంద ఫొటోలు తీసి ప్రతిదాని పక్కనా "స్టాక్", "గుత్త", "అమ్మకూడదు" అని రాయండి. "గుత్త" అన్న ప్రతిదానికీ ఎవరు కొంటారో ఒక పేరు, ఎన్ని నెలలకు ఎంత అడుగుతారో ఒక అంకె ఉండాలి. వచ్చే పాఠానికి ఆ జాబితా పక్కన పెట్టుకొని కూర్చోండి.