ఫొటోల మీద తెలుగు అక్షరాలు చెదరకుండా రాసే స్క్రిప్టు

దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం. అప్పటికి విజయనగరంలో ప్రతి కొట్టుకీ, ప్రతి కుర్రాళ్ళ సంఘానికీ శుభాకాంక్షల ఫొటో కావాలి. ఫొటో ఒకటే ఉంటుంది, కింద పేర్లు మారతాయి. ఫోన్ యాప్‌లో ఒక్కో పేరూ టైప్ చేసి వేలితో జరుపుకుంటూ కూర్చుంటే పేరు ఒక్కోదాంట్లో ఒక్కోచోట పడుతుంది. పైథాన్ కొంచెం వచ్చినా చాలు, పేర్ల జాబితా ఇస్తే ఫొటోలన్నీ తనే తయారుచేసే చిన్న స్క్రిప్టు రాసుకోవచ్చు. కష్టమంతా తెలుగు దగ్గరే వస్తుంది కాబట్టి దాని గురించే ఎక్కువ చెబుతాను.

ముందు పిప్‌తో ఫొటోల మీద పనిచేసే పిల్లో (Pillow) లైబ్రరీ వేసుకోండి. వేసుకున్న వెంటనే అందులోని 'ఫీచర్స్' మాడ్యూల్ తెరిచి, 'చెక్' ఫంక్షన్‌కి 'రక్మ్' (raqm, వత్తుల్నీ గుణింతాల్నీ సరిగ్గా అమర్చే భాగం) అని ఇచ్చి చూడండి. ట్రూ అని వస్తేనే ముందుకు వెళ్ళండి. ఫాల్స్ వచ్చిందంటే పిల్లో యూనికోడ్ (ప్రతి గుర్తుకీ ఒక నంబరిచ్చే ప్రామాణిక పద్ధతి) గుర్తుల్ని వచ్చిన వరసలో పక్కపక్కన పేర్చేస్తుంది తప్ప వత్తుని కిందకు దించదు, దాంతో 'పైడితల్లి' కాస్తా 'పైడితల్‌లి' అయిపోతుంది. అమ్మవారి పేరు అలా విరిగిపోయి ఊరంతా తిరగడం ఎవరికీ బాగుండదు. ఫాల్స్ రావడానికి సాధారణంగా కారణం ఫ్రిబిడి అనే ఇంకో లైబ్రరీ మన సిస్టమ్‌లో లేకపోవడం. ఉబుంటు లినక్స్‌లో అది ఒక్క కమాండ్‌తో వచ్చేస్తుంది, విండోస్‌లో మాత్రం దాని డీఎల్ఎల్ ఫైలు మనమే తెచ్చి పెట్టుకోవాలి. ఆ టెన్షన్ వద్దనుకుంటే విండోస్‌లోనే డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపలే లినక్స్ నడిపే సదుపాయం) ద్వారా ఉబుంటు వేసుకుని అందులో నడపండి, నా సలహా అదే.

ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. మన వైపు వాళ్ళ పేర్లతోనే గురజాడ, గిడుగు అని రెండు ఉన్నాయి. పెద్ద అక్షరాలకి రామభద్ర బొద్దుగా, నిండుగా ఉంటుంది, చిన్న వాటికి మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ వాడండి. ఫ్లెక్సీ షాపుల్లో వాడే పాత అనూ ఫాంట్లు ఇక్కడ పనికిరావు, అవి యూనికోడ్ కాదు. పేర్లు ఆ ఫాంట్లో టైప్ చేసి పంపితే మొహమాటపడకుండా యూనికోడ్‌లో మళ్ళీ అడగండి.

పేర్ల జాబితా ఎక్సెల్‌లో ఉంటే 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' అనే రకంలోనే సేవ్ చేయాలి. మామూలు సీఎస్‌వీలో సేవ్ చేస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది. పైథాన్‌లో తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ 'యూటీఎఫ్-8-సిగ్' అని ఇవ్వండి, లేకపోతే మొదటి కాలమ్ పేరు ముందు కంటికి కనపడని గుర్తొకటి అంటుకుని ఆ కాలమ్ దొరకడం లేదని ఎర్రర్ వస్తుంది.

ఇక అక్షరం సైజు. పిక్సెళ్ళలో ఒక అంకె వేసి వదిలేయకండి, ఫొటో వెడల్పులో ఇంత వంతు అని పెట్టుకోండి. పేరు పడుతుందో లేదో అక్షరాలు లెక్కపెట్టి తేల్చడం కుదరదు. 'శ్రీకాకుళం' పొడవెంత అని 'లెన్'ని అడిగితే 10 అంటుంది, మన కంటికి కనపడేవి నాలుగే, ఎందుకంటే అది వత్తుల్నీ గుణింతాల్నీ విడివిడిగా లెక్కేస్తుంది. ఫాంట్ మీద 'గెట్‌లెంగ్త్' పిలిస్తే అసలు వెడల్పు వస్తుంది. అది మనం ఇచ్చిన జాగా దాటితే సైజు కొంచెం తగ్గించి మళ్ళీ కొలిచేలా లూప్ పెట్టండి. పెద్ద వాక్యమైతే ఒక్కో మాటా చేర్చుతూ కొలిచి, దాటగానే కింది లైన్‌కి వెళ్ళాలి, మాట మధ్యలో మాత్రం విరవొద్దు. 'మల్టీలైన్ టెక్స్ట్' వాడితే అది లైన్ ఎత్తుని ఇంగ్లీషు పెద్ద 'ఏ'తో కొలిచి దానికి 4 పిక్సెళ్ళే కలుపుతుంది, అంత తక్కువ ఎడంలో పై లైన్ వత్తు కింది లైన్ గుడిని గుద్దేస్తుంది. ఆ 'స్పేసింగ్'ని అక్షరం సైజులో మూడో వంతు నుంచి మొదలుపెట్టి సరిచూసుకోండి.

పేరుని నిలువుగా ఎక్కడ పెట్టాలన్నది కూడా జాగ్రత్తగా చూడాలి. 'టెక్స్ట్‌బీబాక్స్' (మాట సరిగ్గా పట్టే పెట్టె కొలతలు చెప్పే ఫంక్షన్) ఇచ్చిన ఎత్తు చూసి మధ్యకు తెస్తే 'నెల్లిమర్ల' పైకి జరుగుతుంది, 'గజపతినగరం' కిందకు దిగుతుంది, ఎందుకంటే ఒకదానికి వత్తులున్నాయి, ఇంకోదానికి లేవు. పేరుని ఎక్కడ పట్టి నిలపాలో చెప్పే 'యాంకర్' కి 'ఎం', 'ఎస్' అనే రెండక్షరాలు కలిపి (ms) ఇవ్వండి. అప్పుడు అడ్డంగా మధ్యకు వస్తుంది, నిలువుగా అన్ని పేర్లూ ఒకే గీత మీద కూర్చుంటాయి. పాత పాఠాల్లో కనిపించే 'టెక్స్ట్‌సైజ్' వాడకండి, 2023లో వచ్చిన పిల్లో 10లో దాన్ని తీసేశారు.

అందం సంగతికొస్తే, 'స్ట్రోక్ విడ్త్' తో అంచు వేయొచ్చు, కానీ అక్షరం సైజులో ఇరవయ్యో వంతు దాటితే లోపలి ఖాళీలన్నీ పూడిపోయి మచ్చలా కనిపిస్తుంది. నీడ కావాలంటే ఫొటో సైజులోనే ఖాళీ పారదర్శక పొర తీసుకుని, దాని మీద నల్లరంగులో పేరు కొంచెం పక్కకు రాసి, గాసియన్ బ్లర్ కొట్టి, 'ఆల్ఫా కాంపోజిట్' తో ఫొటో మీద వేసి, ఆ పైన అసలు పేరు రాయాలి. సిరిమాను ఫొటోల్లో కోట ముందు జనం, జెండాలు, రంగులు కిక్కిరిసి ఉంటాయి, అక్కడ ఎంత నీడ వేసినా అక్షరం ఆనదు. పేరు కింద ముదురు కుంకుమ రంగు పట్టీ సగం పారదర్శకంగా వేసి దాని మీద పసుపు రంగులో రాయండి, ఏ ఫోన్‌లో చూసినా చదవగలుగుతారు.

ఫోన్‌తో తీసిన ఫొటో అడ్డం తిరిగితే తెరిచిన వెంటనే 'ఎగ్జిఫ్ ట్రాన్స్‌పోజ్' పిలవండి. జేపెగ్‌గా సేవ్ చేసే ముందు ఆర్‌జీబీలోకి మార్చకపోతే ఎర్రర్ వస్తుంది. క్వాలిటీ 90 పైన పెట్టండి, వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి.

జాబితా మొత్తం నడిపే ముందు శృంగవరపుకోట, ఇచ్ఛాపురం, కొత్తవలస లాంటి పొడుగు పేర్లూ వత్తుల పేర్లూ నాలుగైదు ఇచ్చి, వచ్చిన ఫొటోల్ని పెద్దవి చేసి చూడండి. రంగులు, ఫాంట్, పట్టీ కొలతలు వేరే ఫైల్లో రాసుకుంటే, రథసప్తమికి అరసవల్లి ఫొటో పెట్టాలన్నా ఆ ఫైలొక్కటి మారిస్తే సరిపోతుంది, స్క్రిప్టుని ముట్టుకోనక్కర్లేదు.