క్లబ్ డీజే పాఠాలు – 4: రెండు పాటలు కలిసే అర నిమిషం

కిందటి పాఠంలో గెయిన్ (మిక్సర్‌లోకి వచ్చే పాట శబ్దం స్థాయి), హెడ్‌ఫోన్ క్యూ (బయటికి వినిపించకముందే పాటను హెడ్‌ఫోన్‌లో వినడం) సరిచేసుకోవడం దాకా వచ్చాం. ఈసారి అసలు మిక్స్, అంటే నడుస్తున్న పాట ఆగకుండా దానిలో రెండోదాన్ని కలపడం, మొదలుపెడదాం. సాధనకు హౌస్ సంగీతం తీసుకోండి. మామూలుగా నిమిషానికి 120 నుంచి 128 బీట్ల మధ్య నడుస్తుంది, బార్‌లో (నాలుగు బీట్ల చుట్టులో) నాలుగు కిక్‌లూ (పెద్ద డ్రమ్ము దెబ్బలూ) సమానంగా పడతాయి. తప్పు జరిగితే వెంటనే బయటపడుతుంది కాబట్టి నేర్చుకోవడానికి ఇదే మంచిది.

గొప్ప డీజే అంటే గొప్ప పాటలున్న డీజే అని చాలామంది అనుకుంటారు. ఎంపిక ముఖ్యమే. కానీ ఎంత మంచి పాటనైనా తప్పు చోట మొదలుపెడితే డ్యాన్స్ చేసేవాళ్ల అడుగు తడబడుతుంది. షికాగోలో 1977లో తెరిచిన వేర్‌హౌస్ క్లబ్ పేరు నుంచే ఈ సంగీతానికి హౌస్ అన్న పేరు వచ్చిందంటారు. అక్కడి డీజే ఫ్రాంకీ నకల్స్ టేపు రీళ్లు కోసి అతికించి మరీ పాటల్ని పొడిగించేవారు. ఆట మధ్యలో తెగకూడదన్నదే ఆ శ్రమంతా. ఇప్పుడు ఆ పని చాలావరకు ట్రాకులోనే ఉంటుంది: క్లబ్ కోసం చేసిన ట్రాకుల మొదట్లో, చివర్లో 16 బార్లో 32 బార్లో ఎక్కువగా డ్రమ్ములే వినిపిస్తాయి. ఆ చోటు డీజే కోసం వదిలిందే.

ముందు లెక్క. నాలుగు బీట్లు ఒక బార్. ఎనిమిది బార్లు, అంటే 32 బీట్లు, ఒక ఫ్రేజ్. 125 బీపీఎం (నిమిషానికి బీట్లు) దగ్గర బీట్‌కీ బీట్‌కీ మధ్య 0.48 సెకను, ఫ్రేజ్ మొత్తం 15.36 సెకన్లు. ఆదితాళం వేయడం వచ్చినవాళ్లకు ఇది చేతిలో పనే. బీట్‌కి ఒక అక్షరం చొప్పున దెబ్బ, మూడు వేళ్లు, దెబ్బ, ఉసి, దెబ్బ, ఉసి. నాలుగు ఆవర్తాలు పూర్తయితే ఒక ఫ్రేజ్ అయినట్టు. అలా తాళం వేస్తూ ఏదైనా హౌస్ ట్రాక్ వినండి. హై-హ్యాట్ (లోహపు పళ్లేల చిటచిట శబ్దం) చేరడం, క్లాప్ (చప్పట్ల శబ్దం) ఆగిపోవడం, బేస్ (తక్కువ స్వరాలు) దిగడం, అంటే మొదలవడం లాంటివి దాదాపు ఎప్పుడూ ఫ్రేజ్ మొదటి బీట్ మీదే జరుగుతాయి.

సింక్ బటన్ ఉండగా ఇదంతా ఎందుకని అడుగుతారు. సింక్ వేగాన్ని కలుపుతుంది, బీట్ మీద బీట్ కూర్చోబెడుతుంది. పాట ఫ్రేజ్‌లో ఎక్కడుందో చూసుకోవడం మాత్రం మీ పనే. పైగా అది నమ్ముకునేది సాఫ్ట్‌వేర్ గీసిన గ్రిడ్‌ని, అంటే బీట్లు ఎక్కడున్నాయో చూపే గీతల్ని. మనిషి డ్రమ్స్ వాయించిన పాత డిస్కో పాటల్లో వేగం కొద్దిగా ఊగుతుంది, అక్కడ గ్రిడ్ తప్పుతుంది. అందుకే నేర్చుకునేటప్పుడు సింక్ ఆపేయండి, బీపీఎం అంకెల మీద కాగితం ముక్క అంటించండి.

ఇక చెవితో కలపడం. కొత్త పాటలో మొదటి కిక్ దగ్గర క్యూ (ప్లే నొక్కగానే పాట మొదలయ్యే గుర్తు) పెట్టండి. హెడ్‌ఫోన్ ఒక చెవికే ఉంచి, రెండో చెవితో బూత్ మానిటర్ (డీజే పక్కనే ఉండే స్పీకర్) వినండి. నడుస్తున్న పాట లెక్కపెడుతూ ఒకటో బీట్ మీద ప్లే నొక్కండి. కొన్ని బీట్లకే రెండు కిక్‌లు విడిపోవడం మొదలవుతుంది. ఏది ముందుందో తెలియకపోతే కొత్త పాటను జాగ్ వీల్‌తో (ప్లేయర్ మీది గుండ్రటి చక్రంతో) కొంచెం ముందుకు తోయండి. విడిపోవడం ఎక్కువైతే అది ముందే ఉన్నట్టు, తగ్గితే వెనకబడినట్టు. మళ్లీ మళ్లీ ముందుకు తోయాల్సి వస్తోందంటే పాట నెమ్మదిగా ఉందన్నమాట, పిచ్ ఫేడర్ (వేగం మార్చే మీట) ప్లస్ వైపు జరపండి. మొదట ఒక శాతం, దాటిపోతే అందులో సగం వెనక్కి, మళ్లీ సగం. కిక్ కంటే హై-హ్యాట్ మీద చెవి పెడితే తేడా త్వరగా దొరుకుతుంది, దాని శబ్దం పదునుగా, పొట్టిగా ఉంటుంది కాబట్టి.

ఎంత దగ్గరగా కలవాలి? ఒక పాట 125.0, ఇంకొకటి 125.1 అనుకోండి. రెండు ఫ్రేజులు గడిచేసరికి ఇవి సుమారు 25 మిల్లీసెకన్లు విడిపోతాయి. చెవికి ఒక్క కిక్ బదులు 'ద-డం' అని జంట దెబ్బ పడినట్టుంటుంది. కాబట్టి కలిసిన తర్వాత కూడా జాగ్ వీల్ మీద వేలు ఉండాలి.

బూత్ మానిటర్ మాట ఊరికే అనలేదు. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది. పెద్ద స్పీకర్లు మీకు 10 మీటర్ల దూరంలో ఉంటే వాటి బీట్ 29 మిల్లీసెకన్లు ఆలస్యంగా మీ చెవిన పడుతుంది. దాన్ని విని హెడ్‌ఫోన్‌లో కలిపారంటే, మీకు సరిగ్గా అనిపించిందే ఫ్లోర్ మీద జంట కిక్‌గా వినిపిస్తుంది. ఇంట్లో చక్కగా కలిపేవాళ్లు మొదటిసారి క్లబ్‌లో తడబడటానికి తరచూ ఇదే కారణం.

ఇప్పుడు ఈ పాఠంలో అసలు విషయం: కొత్త పాటను ఎప్పుడు మొదలుపెట్టాలన్నది వెనక నుంచి లెక్కపెట్టాలి. కొత్త పాటలో బేస్ 17వ బార్‌లో దిగుతుందనుకుందాం. పాత పాటలో బేస్ ఎక్కడ ఆగిపోతుందో చూడండి. దానికి సరిగ్గా 16 బార్ల ముందు, ఫ్రేజ్ మొదటి బీట్ మీద కొత్త పాట మొదలవ్వాలి. దానికి ముందే, లో నాబ్ (మిక్సర్ మీద బేస్ పెంచే, తగ్గించే తిప్పుడు బటన్) మధ్యలో ఉండగానే గెయిన్ సరిచూసుకోండి. బేస్ కోసేశాక గెయిన్ పెడితే మీటర్ తక్కువ చూపిస్తుంది, మీరు పెంచేస్తారు, తర్వాత బేస్ తిరిగొచ్చినప్పుడు లెవెల్ ఎర్ర లైటుకెక్కుతుంది.

లెవెల్ కుదిరాక కొత్త పాట లో నాబ్ పూర్తిగా ఎడమకు తిప్పి ప్లే నొక్కండి. ఎనిమిది బార్లలో ఛానెల్ ఫేడర్ (ఆ పాట శబ్దం పెంచే మీట) మెల్లగా పైకి. రెండో ఫ్రేజ్‌లో రెండు పాటల హై-హ్యాట్లూ కలిసి గరగరమంటుంటే పాత పాట హై నాబ్ కొంచెం తగ్గించండి. 16వ బార్ చివరి బీట్‌కి రెండు చేతులూ రెండు లో నాబ్‌ల మీద ఉండాలి. 17వ బార్ మొదటి బీట్ మీద పాతది ఎడమకు, కొత్తది మధ్యకు, రెండూ ఒకేసారి. ఒక్క బీట్ ఆలస్యమైనా ఆ క్షణంలో కింద నేల జారినట్టుంటుంది. తర్వాత ఎనిమిది బార్లలో పాత ఫేడర్ కిందికి.

రెండు బేస్‌లూ ఎందుకు కలిసి ఉండకూడదంటే, తక్కువ స్వరాల్లోనే శక్తి ఎక్కువ. రెండూ కలిస్తే కొన్నిచోట్ల పెరుగుతాయి, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి తినేస్తాయి. శబ్దం హద్దు దాటకుండా చూసే సౌండ్ సిస్టమ్‌లోని లిమిటర్ మొత్తం శబ్దాన్ని నొక్కేస్తుంది, దాంతో గొంతు, హ్యాట్లు కూడా ముడుచుకుపోతాయి. కొన్ని మిక్సర్లలో లో నాబ్ చివరికి తిప్పినా 26 డెసిబెల్స్ మాత్రమే తగ్గుతుంది. ఐసొలేటర్ స్విచ్ ఉంటే అది వేస్తే పూర్తిగా పోతుంది.

శ్రుతి కూడా చూడండి. మాస్టర్ టెంపో (వేగం మారినా శ్రుతి మారకుండా ఉంచే బటన్) ఆపి ఉంటే, వేగం 6 శాతం మారగానే దాదాపు అరస్వరం జరుగుతుంది. డ్రమ్ముల మీద డ్రమ్ములు కలిపేటప్పుడు ఇది పెద్దగా తెలియదు. రాగం మీద రాగం పడితే అపశ్రుతి ఫ్లోర్ చివర నిలబడ్డవాళ్లకూ తెలుస్తుంది. గొంతు మీద గొంతు మాత్రం శ్రుతి కలిసినా వద్దు. మాటలు రెండూ అర్థం కావు.

ఈ వారం సాధన: ఒకే రెండు ట్రాకులు, రోజూ 20 మిక్స్‌లు, ప్రతిదీ రికార్డు చేయండి. హెడ్‌ఫోన్ శబ్దం తగ్గించి పెట్టుకోండి. 100 డెసిబెల్స్ దగ్గర చెవికి భద్రమైన సమయం రోజుకు 15 నిమిషాలే అని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ ప్రమాణం. మర్నాడు రికార్డింగ్ వింటూ తాళం వేయండి. బేస్ మారిన చోట మీ చేయి దెబ్బ మీద ఉందో, వేలి మీద ఉందో రాసుకోండి. వేలి మీద పడిన మిక్స్‌లు తీసుకుని వచ్చే పాఠానికి రండి, అక్కడి నుంచే మొదలుపెడదాం.