గల్ఫ్‌లో ఉన్నా డల్లాస్‌లో ఉన్నా: నెట్ కాల్‌ని దేనికి వాడాలి, దేనికి నమ్ముకోకూడదు

కోనసీమ, నరసాపురం, పాలకొల్లు వైపు ఏ ఊరికెళ్లినా, గల్ఫ్‌లో ఒకరో ఇద్దరో లేని వీధి దొరకడం కష్టం. ఇంటిపని కోసం కువైట్ వెళ్లిన ఆడవాళ్లు, దుబాయ్‌లో డ్రైవింగ్ చేసే కుర్రాళ్లు, డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ వాళ్లు, ఇక హైదరాబాద్, బెంగళూరు సంగతి సరేసరి. ఒకప్పుడు ఐఎస్‌డీ బూత్‌లో మీటర్ మీదే కళ్లు పెట్టుకుని "బాగున్నావా, డబ్బులు అందాయా" అని రెండు ముక్కలతో సరిపెట్టుకునేవాళ్లు. 2015లో వాట్సాప్‌లో వాయిస్ కాల్, 2016లో వీడియో కాల్ వచ్చాయి, అదే ఏడాది జియో వచ్చి డేటా చవకైంది, ఇప్పుడు పొయ్యి మీద కూర మాడేదాకా మాట్లాడుతున్నారు. మంచిదే. కాకపోతే నెట్ కాల్ ఒక్కదాన్నే నమ్ముకున్న ఇళ్లు సరిగ్గా అవసరం పడ్డ రోజునే ఏం చేయాలో తోచక కూర్చుంటున్నాయి. అందుకని కాస్త వివరంగా చెబుతాను.

అన్నిటికంటే ముందు అవతలి మనిషి ఏ దేశంలో ఉన్నారో చూసుకోండి. కువైట్‌తో మాట్లాడినట్టే దుబాయ్‌తోనూ మాట్లాడొచ్చు అనుకుంటారు చాలామంది. యూఏఈలో వాట్సాప్ మెసేజ్, ఫొటో, వాయిస్ మెసేజ్ అన్నీ వెళ్తాయి, కాల్ మాత్రం కలవదు. అక్కడి టెలికాం రూల్స్ అంతే, మీ ఫోన్‌లో లోపం ఏమీ లేదు. ఖతార్‌, ఒమన్‌లలో కూడా నెట్ కాల్స్ మీద చాలాకాలంగా ఆంక్షలున్నాయి. అలాంటి చోట అనుమతి ఉన్న యాప్ వాడాలి, దుబాయ్ వాళ్లలో ఎక్కువమంది వాడేది బోటిమ్. అది రెండు వైపులా ఉండాలి కాబట్టి, మనిషి విమానం ఎక్కకముందే ఇంట్లో అమ్మ ఫోన్‌లో కూడా వేసి, ఒకసారి కాల్ చేసి చూపించండి. వెళ్లాక నేర్పడం నరకం. "వీపీఎన్ పెట్టుకో, వాట్సాపే పలుకుతుంది" అని అక్కడ రూమ్‌లో ఎవరో ఒకరు చెబుతారు. వీపీఎన్ అంటే మనం ఎక్కడి నుంచి నెట్ వాడుతున్నామో దాచేసే యాప్. యూఏఈ సైబర్ చట్టంలో నేరం చేయడానికో, చేసింది దాచడానికో వీపీఎన్ వాడితే 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల దాకా జరిమానా, జైలు కూడా ఉంది. అప్పు చేసి వీసా కొనుక్కుని వెళ్లిన మనిషికి ఆ రిస్క్ ఎందుకు?

టైమ్ సంగతి. కువైట్, సౌదీ, ఖతార్ మనకంటే రెండున్నర గంటలు వెనక, దుబాయ్, మస్కట్ గంటన్నర వెనక. కువైట్‌లో ఇళ్లలో పనిచేసే వాళ్లకి ఫోన్ చేతికొచ్చేది తరచుగా రాత్రి పదకొండుకి, అంటే మనకి ఒకటిన్నర. డల్లాస్ అయితే చలికాలంలో పదకొండున్నర గంటల తేడా, ఎండాకాలంలో పదిన్నర, వాళ్లు మార్చిలో ఒకసారి, నవంబర్‌లో ఒకసారి గడియారం మార్చుకుంటారు. ఆ వారం "ఏంటి, చెప్పిన టైమ్‌కి చేయలేదు" అని టెన్షన్ పడకండి. వారానికి రెండు రోజులు ఫిక్స్ చేసుకుని మిగతా రోజులు వదిలేస్తే ఇద్దరికీ ప్రాణం హాయి. రోజూ చేయాలి అనుకున్నచోటే ఒకరోజు చేయకపోతే అలకలు.

ఇక ఇంట్లో ఏర్పాటు. చాలా కాల్స్ పాడవడానికి కారణం అమెరికాలోనూ కువైట్‌లోనూ ఉండదు, మన హాల్లోనే ఉంటుంది. నెట్ కాల్‌లో మాటని చిన్న చిన్న ముక్కలుగా చేసి పంపుతారు, ఆలస్యంగా చేరిన ముక్కని యాప్ వదిలేస్తుంది, అందుకే "అమ్మా నువ్వు... తిన్... మందు..." అని తెగిపోయి వినబడుతుంది. స్పీడ్ ఎంతుందన్నదాని కంటే, ఆ ముక్కలు ఆగకుండా వెళ్తున్నాయా లేదా అన్నదే ముఖ్యం. కేబుల్ అబ్బాయి రౌటర్‌ని టీవీ వెనక మేకుకి తగిలించి వెళ్లిపోతాడు, మామ్మగారు మాట్లాడేది వెనక వసారాలో కూర్చుని, మధ్యలో పాతకాలపు రెండు లావు గోడలు. వైఫై జాబితాలో 2.4 అనీ 5 అనీ రెండు పేర్లు కనిపిస్తే, వసారాకి 2.4ది కలపండి, దానికి స్పీడ్ తక్కువైనా గోడలు దాటి వస్తుంది. రౌటర్ పక్కనే కూర్చునేట్టయితే 5ది మేలు. కాల్ టైమ్‌లో పిల్లలు అదే వైఫై మీద సినిమా చూస్తుంటే కాసేపు ఆపమనండి. మొబైల్ డేటా మీదైతే వాయిస్‌కి నిమిషానికి ఒక ఎంబీ లోపే, వీడియోకి సుమారు ఐదు ఎంబీ, ఇంకా ఎక్కువ కూడా కావచ్చు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటాలోకి వెళ్తే కాల్స్‌కి తక్కువ డేటా వాడే ఆప్షన్ ఉంది, లంక ఊళ్లలో ఒక్క గీత సిగ్నల్‌తో నెట్టుకొచ్చేవాళ్లు దాన్ని ఆన్ చేసి వదిలేయొచ్చు.

పెద్దవాళ్ల చేతికి ఫోన్ ఇచ్చి వీడియో పెడితే మనకి కనిపించేది ఏంటో మీకు తెలుసు: ఫ్యాను, సగం నుదురు, ఒక్కోసారి చెవి. వాళ్ల తప్పేం లేదు, ఫోన్ అంటే చెవి దగ్గర పెట్టుకునేదే కదా. నిండుగా ఉన్న బియ్యం డబ్బాకో నీళ్ల బిందెకో ఫోన్ ఆనించి బల్ల మీద పెట్టండి, వెలుతురు మొహం మీద పడేలా కిటికీ వైపు తిప్పి కూర్చోబెట్టండి, కిటికీ వీపు వెనక ఉంటే మనిషి నల్లటి నీడలా కనిపిస్తారు. ఇయర్‌ఫోన్ పెడితే ఎకో పోతుంది కానీ డెబ్బై దాటిన వాళ్లకి చిరాకు, దాని బదులు స్పీకర్ పెట్టి ఫ్యాను తగ్గించండి. మాట చేరడానికి కాస్త ఆలస్యమవుతుంది, అందుకే ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి, ఇద్దరూ ఒకేసారి ఆగి, "నువ్వు చెప్పు", "కాదు నువ్వే చెప్పు" అంటూ ఉంటారు. ఒకరు పూర్తిగా చెప్పి కాస్త ఆగడం అలవాటైతే సగం గొడవ పోతుంది.

నా మటుకు నాకు రోజూ వీడియో వద్దనే అనిపిస్తుంది. పగలంతా పనిచేసి రాత్రి పదకొండుకి మంచం మీద వాలిన మనిషిని "వీడియో ఆన్ చెయ్, మొహం చూపించు" అంటే లేచి, జుట్టు సర్దుకుని, బాగున్నట్టు నటించాలి. ఇటువైపు ఏమో పక్కింటివాళ్లు, పెదనాన్నగారు, వచ్చిన చుట్టాలు అందరూ ఫ్రేమ్‌లోకి వస్తారు, వాళ్లందరి ముందు ఆ పిల్ల మాత్రం ఏం చెప్పుకుంటుంది? జీతం ఆలస్యమైందనో, యజమాని పాస్‌పోర్ట్ తన దగ్గరే పెట్టుకున్నాడనో చెప్పాలంటే గది తలుపు వేసుకుని వాయిస్ కాల్‌లో వినేవాళ్లు ఒకరుండాలి. డబ్బు మాట కూడా అంతే, స్పీకర్ మీద అస్సలు వద్దు. వీడియోని పండక్కి, పుట్టిన పిల్లని చూపించడానికి, మామ్మ కాలి పుండు ఎలా ఉందో చూడటానికి దాచుకోండి. నిజంగానే ఆ పుండు విషయంలో వంద వాయిస్ కాల్స్ కంటే ఒక్క వీడియో నయం, ఎందుకంటే మనవాళ్లు ఫోన్‌లో "తగ్గిపోయింది" అనేస్తారు.

టైమ్ కుదరని వాళ్లకి వాయిస్ మెసేజ్‌ని మించింది లేదు. సిగ్నల్ బాగోకపోయినా నెమ్మదిగా వెళ్తుంది, యూఏఈలోనూ పనిచేస్తుంది, రాత్రి ఒంటిగంటకి ఎవరినీ లేపదు. చదవడం రాని అమ్మమ్మకి కూడా మైక్ బొమ్మ నొక్కి పట్టుకుని మాట్లాడి వదిలేయమని చెబితే రెండు రోజుల్లో వచ్చేస్తుంది.

జనం గుమిగూడిన చోటు నుంచి లైవ్ చూపిద్దామనే ఆశ మాత్రం పెట్టుకోకండి. కనుమ రోజు కోనసీమలో ఊరూరి ప్రభల్నీ మోసుకొచ్చే జగ్గన్నతోట ప్రభల తీర్థంలో ఉన్న ఫోన్లన్నీ ఆ చుట్టుపక్కల టవర్ల మీదే పడతాయి, సంత రోజు సెంటర్‌లో ఇరుక్కున్న ఆటోలా కాల్ కదలదు. ప్రభలు కౌశిక కాలువ దాటి వస్తుంటే అటు అబ్బాయి "కనిపించట్లేదు, కనిపించట్లేదు" అంటాడు, ఇటు మనం ఫోన్‌తో కుస్తీ పడుతూ ప్రభనీ చూడం. హాయిగా రికార్డ్ చేసి, ఇంటికొచ్చాక వైఫై మీద పంపండి.

ఇక నెట్ ఉండని రోజుల సంగతి. డెల్టాలో ఇది ఊహ కాదు. 2022 మేలో జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో గొడవలయ్యాక కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ రోజుల తరబడి ఆపేశారు. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం చేరువలో తీరం దాటింది. తుపాను అంటే ముందుజాగ్రత్తగా కరెంటు తీసేస్తారు, దాంతో రౌటర్ ఆగుతుంది, కొబ్బరిచెట్టు విరిగి స్తంభాల మీద పడితే ఫైబర్ వైరు తెగుతుంది, టవర్ బ్యాటరీ మీదో జనరేటర్ మీదో కొంతసేపే నడుస్తుంది. ఆ కొంతసేపట్లో వీడియో కాల్ కోసం ప్రయత్నించి ఫోన్ చార్జింగ్ అవగొట్టుకోవడం తెలివితక్కువ పని. మామూలు కాల్‌కి డేటా ప్యాక్ అక్కర్లేదు. అదీ కలవకపోతే ఎస్సెమ్మెస్ పెట్టండి, బలహీనమైన సిగ్నల్‌లో కూడా ఏదో ఒక క్షణంలో దూరిపోతుంది. తుపాను రాకముందే మాట అనుకోండి: ఇంటి నుంచి ఒక్కరికే, ఉదాహరణకి హైదరాబాద్‌లో ఉన్న బాబాయికి, "అందరం క్షేమం" అని ఒక మెసేజ్, గల్ఫ్‌కీ అమెరికాకీ చెప్పే పని ఆయనది. రౌటర్‌కి పెట్టే చిన్న యూపీఎస్‌లు దొరుకుతున్నాయి, మామూలు పవర్ కట్‌కి అవి చాలు, తుపానుకి చాలవు.

వాట్సాప్ లాంటి నెట్ కాల్ యాప్ నుంచి 108కి గానీ 112కి గానీ కాల్ వెళ్లదు. డల్లాస్‌లో కూర్చుని ఫోన్‌లో 108 నొక్కినా కోనసీమ అంబులెన్స్ కదలదు. నాన్నగారు వీడియోలోనే కుర్చీలోంచి ఒరిగిపోతే నువ్వు అక్కడి నుంచి చేయగలిగింది ఎదురింటివాళ్లకి ఫోన్ చేయడం. కాబట్టి ఇద్దరు ఇరుగుపొరుగు వాళ్లవి, ఊళ్లో ఆర్‌ఎంపీ గారిది, దగ్గరి ఆసుపత్రిది నంబర్లు ముందు +91 పెట్టి సేవ్ చేసుకో. బయటి దేశం నుంచి మామూలు కాల్ చేయడానికి కొంచెం బ్యాలెన్స్ ఎప్పుడూ ఉంచుకో, ఆ ఎదురింటి ఆయన రాత్రిళ్లు డేటా ఆపేసి పడుకుంటాడు. ఇంట్లో ఆ నంబర్లన్నీ పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి క్యాలెండర్ పక్కన అంటించండి.

సిమ్ సంగతి చాలామంది పట్టించుకోరు. ఇక్కడి నంబర్‌తోనే వాట్సాప్ ఉంచుకుని గల్ఫ్ వెళ్తారు, రీచార్జ్ మర్చిపోతారు. 90 రోజులు ఏ వాడకమూ లేని ప్రీపెయిడ్ నంబర్‌ని కంపెనీ ఆపేయొచ్చు, తర్వాత అది ఇంకొకరికి పోతుంది. అప్పుడు వాట్సాప్ చేజారుతుంది, బ్యాంకు ఓటీపీలు ఎవరికో వెళ్తాయి. తక్కువలో తక్కువ ప్యాక్ వేయిస్తూ ఉండండి, లేదంటే వాట్సాప్ అకౌంట్ సెట్టింగ్స్‌లో నంబర్ మార్చుకునే ఆప్షన్‌తో అక్కడి నంబర్‌కి మారిపోండి, బ్యాంకులో కూడా మార్పించండి.

మోసాలు కూడా ఈ దారినే వస్తున్నాయి. పోలీస్ డ్రెస్‌లో వీడియో కాల్ చేసి "మీ అబ్బాయి పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయి, మీరు డిజిటల్ అరెస్ట్‌లో ఉన్నారు, ఫోన్ కట్ చేయొద్దు" అంటారు. అలాంటి అరెస్ట్ మన చట్టంలోనే లేదు, కట్ చేసేయండి. ఇంకో రకం ఉంది, సాయం చేస్తామంటూ వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ చేయమంటారు, చేస్తే మీ ఫోన్‌లోకి వచ్చే ఓటీపీ వాళ్లకీ కనిపిస్తుంది. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ప్రైవసీలో కాల్స్ అని ఉంటుంది, అక్కడ తెలియని నంబర్ల కాల్స్ మోగకుండా చేయొచ్చు, అమ్మ ఫోన్‌లో ఇవాళే చేసి పెట్టండి. టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ (వేరే ఫోన్‌లో మీ వాట్సాప్ తెరవాలంటే అడిగేది) కూడా పెట్టండి. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే డబ్బుని మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. క్యాలెండర్ పక్కన అంటించే కాగితం మీద ఆ నంబర్ కూడా రాయండి.