సిరిమాను నుంచి భోగి దాకా: ఉబ్బసం ఉన్న ఇంట్లో జలుబును తేలిగ్గా తీసుకోకండి

విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను సంబరం దసరా వెళ్లిన మంగళవారం. ఊరంతా చుట్టాలే. ఆ తర్వాత వారం తిరిగేసరికి మా వీధి పిల్లలందరికీ రొంప. మిగతా వాళ్లకు నాలుగు రోజుల్లో తగ్గిపోయింది. మా బాబుకి మాత్రం మూడో రాత్రి పిల్లికూతలు మొదలయ్యాయి. లైటు వేసి చొక్కా పైకెత్తి చూస్తే, ఊపిరి పీల్చిన ప్రతిసారీ పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది. అది పోయినేడు. ఈసారి పండగకి ముందే సిద్ధమవుతున్నాం.

ఉబ్బసం ఉన్న పిల్లలకి ఆయాసం ఒక్కసారిగా ముదరడానికి చాలాసార్లు కారణం మామూలు జలుబు వైరస్‌లే, ముఖ్యంగా రైనోవైరస్. అది ఊపిరి గొట్టాల లోపలి పొరను దెబ్బతీస్తుంది. గొట్టం వాస్తుంది, కఫం ఊరుతుంది, చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. ముక్కు కారడం ఆగినా లోపలి పొర కోలుకోవడానికి వారాలు పట్టొచ్చు. సరిగ్గా ఆ రోజుల్లోనే మన దగ్గర కళ్లాల్లో నూర్పుల దుమ్ము, తెల్లవారుజామున మంచు, ఆ తర్వాత భోగి మంటలు! ఏది తగిలినా గొట్టం మళ్లీ బిగుస్తుంది. ఈ వాపు అదుపులో లేకుండా ఏళ్ల తరబడి సాగితే గొట్టాల గోడలే మందమైపోవచ్చు. నాకు భయం దాని గురించే.

అందుకే మొదటి జాగ్రత్త, రోజూ వాడే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ ఆపకండి. "బాగానే ఉన్నాడు కదా, అలవాటైపోతుందేమో" అని మా అత్తయ్యగారు అంటే నేనూ రెండు నెలలు ఆపేశాను. వాపును అణచి ఉంచేది అదే. ఆపాలన్నా, తగ్గించాలన్నా డాక్టరు గారే చెప్పాలి. వాడిన ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మేయించండి. పిల్లలకి స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించే ప్లాస్టిక్ డబ్బా) తప్పనిసరి. లేకపోతే మందు చాలావరకు గొంతులోనే ఉండిపోతుంది.

ఆయాసం వచ్చినప్పుడు వాడే ఇన్‌హేలర్ వేరు. అందులో మందు ఉందా, గడువు దాటిందా అని ఇప్పుడే చూసుకోండి. జలుబు మొదలైన రోజు నుంచి ఏం చేయాలో డాక్టరు గారి చేత కాగితం మీద రాయించుకుని ఫ్రిజ్ తలుపుకి అంటించండి. అర్ధరాత్రి టెన్షన్‌లో ఏదీ గుర్తుకు రాదు.

ఫ్లూ టీకా ఏటా వేయించాలి. పని చేయడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి పండగ ముందు రోజు వేయిస్తే లాభం లేదు. జలుబుతో వచ్చిన చుట్టాలు పిల్లాణ్ణి ముద్దు పెట్టుకోబోతే మొహమాటపడకండి, వద్దని చెప్పండి. బయటి నుంచి రాగానే సబ్బుతో చేతులు కడిగించండి. మిగిలిపోయిన యాంటీబయాటిక్ వేయకండి, వైరస్ మీద అది పని చేయదు. మరిగే నీళ్ల గిన్నె ముందు పిల్లల్ని కూర్చోబెట్టి ఆవిరి పట్టడం కూడా వద్దు, ఒళ్లు కాలిపోయే ప్రమాదం ఉంది.

మాట పూర్తి చేయలేకపోతున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పెదాలు నీలంగా మారినా, ఇన్‌హేలర్‌తో తగ్గకపోయినా, తగ్గినట్టే తగ్గి నాలుగు గంటలలోపే మళ్లీ వచ్చినా తెల్లారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేలోగా పిల్లాణ్ణి నిటారుగా కూర్చోబెట్టి, ఆ కాగితంలో రాసినట్టు ఇన్‌హేలర్ ఇస్తూ ఉండండి.

సంక్రాంతికి పల్లెకి వెళ్లేటప్పుడు ఇన్‌హేలర్లు, స్పేసర్ బట్టల సంచిలో అడుగున కాదు, మీ చేతి సంచిలో పెట్టుకోండి.