తుఫానుల నెలలకు ముందే దుకాణాల్లోని నెట్ పరికరాలను సరిచూడండి

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫానును కోనసీమలో ఇప్పటికీ తారీఖుతో సహా చెబుతారు. అక్టోబరు, నవంబరు ఇక్కడ అలాంటి నెలలు. మందుల షాపుల ఫ్రిజ్‌లకు, ఐస్‌క్రీమ్ ఫ్రీజర్లకు నెట్‌తో పనిచేసే ఉష్ణోగ్రత పరికరాలు తయారుచేసి ఇచ్చేవాళ్లం సెప్టెంబరులోనే కొన్ని పనులు ముగించుకోవాలి.

అమలాపురం దగ్గర ఒక మందుల షాపులో ఫ్రిజ్ 8 డిగ్రీలు దాటితే యజమాని ఫోనుకు సందేశం వెళ్లేలా నేనే పరికరం అమర్చాను. ఒక గాలివాన రాత్రి కరెంటు పోయింది. ఫ్రిజ్‌తో పాటే రౌటరూ ఆగింది. నా పరికరం బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది, కబురు పంపే దారే లేదు. "మీ మిషను ఉందన్న ధీమాతోనే రాత్రి రాలేదండీ" అన్నారాయన మర్నాడు. ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వేడి తగిలిందో లేదో సీసాను చూసి చెప్పలేం. ఆ అరలోని సరుకంతా తీసి ఒక అట్టపెట్టెలో పక్కన పెట్టేశారు. ఆ అట్టపెట్టె నాకింకా గుర్తుంది.

అందుకే ముందుగా ఈ మార్పు చేయండి. పరికరం పది నిమిషాలకోసారి సర్వరుకు "ఉన్నాను" అని చెప్పాలి. వరుసగా మూడుసార్లు చెప్పకపోతే సర్వరే యజమానికి ఫోను చేయాలి. రౌటరుకు చిన్న యూపీఎస్ పెట్టించండి. టవరు కూడా పడిపోయే రోజులుంటాయి కనుక కొలతలన్నీ పరికరంలోనే నిల్వ ఉండాలి. నెట్ లేనప్పుడు సమయం తప్పకుండా బటన్ సెల్‌తో నడిచే గడియారం చిప్ ఉండాలి. ఫ్రిజ్ ఎన్ని గంటలు 8 దాటి ఉందో తెల్లవారి తెలిస్తేనే ఏ సరుకు ఉంచాలో తేల్చగలరు. సెన్సరు కొనను గ్లిజరిన్ పోసిన చిన్న సీసాలో ముంచి ఉంచితే తలుపు తీసినప్పుడల్లా అనవసరంగా అలారం మోగదు.

రౌటరు బదులు సిమ్ మాడ్యూల్ (మొబైల్ సిమ్‌తో కబురు పంపే భాగం) వాడేవారు ఒకటి గమనించాలి: 2జీ మాడ్యూల్‌లో జియో సిమ్ పనిచేయదు.

అంతర్వేది వైపు ఉప్పుగాలికి పరికరంలోని సర్క్యూట్ బోర్డు మీద రాగి గీతలకు పచ్చగా చిలుము పడుతుంది. టంకం పెట్టిన చోట్ల అది ముందు కనిపిస్తుంది. బోర్డుకు రక్షణ పూత వేయండి. తీగను పరికరం పెట్టె అడుగు నుంచే లోపలికి పంపండి. పెట్టె కంటే కిందికి కాస్త వంపు వదిలితే తీగ వెంట జారిన నీరు అక్కడే కారిపోతుంది. లంక గ్రామాల్లో పెట్టెను ఎంత ఎత్తున బిగించాలో మీరే నిర్ణయించకండి. 1986 ఆగస్టు గోదావరి వరదలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఊరి పెద్దలు గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు.

అన్నీ అయ్యాక మెయిన్ స్విచ్ ఆపి, యజమాని ఫోను మోగేదాకా షాపులోనే కూర్చోండి.