షెడ్డు చెక్క పలకల అడుగు నల్లబడటం ఇలా ఆగింది

పెరట్లో షెడ్డుకు నిలువుగా కొట్టిన పలకలు అడుగున జానెడు మేర నల్లబడేవి, రంగు పొరలుగా లేచిపోయేది. గీకి మళ్లీ రంగేశాను, సిలికాన్ పూశాను, రంగు మార్చాను, ఏదీ నిలవలేదు.

అసలు సంగతి కోసిన చివర్లలో ఉంది. చెక్క నీళ్లు ఎక్కువగా పీల్చేది అక్కడి నుంచే.

వానలు వెళ్లాక పలకల అడుగు నేలకు 150 మిల్లీమీటర్ల ఎత్తున ఉండేలా కోశాను. రంపం కాస్త వాల్చి, బయటి అంచు కిందికి, లోపలి అంచు పైకి వచ్చేలా. నీటిచుక్క ఇప్పుడు బయటి అంచు నుంచే రాలిపోతోంది. వారం ఆరనిచ్చి, ఆ చివర్లకు ప్రైమర్ మూడుసార్లు తాగించాను. మొదటి పూత చూస్తుండగానే ఇంకిపోయింది! ఆ తర్వాతే రంగు.

రెండు వానాకాలాలు గడిచాయి, నలుపు రాలేదు. నా పలకల వెనక 25 మిల్లీమీటర్ల గాలి సందు ముందే ఉంది. అది లేని గోడకు ఇదొక్కటే సరిపోతుందని చెప్పలేను. మెత్తబడిన పలకైతే మార్చాల్సిందే.